రెండు చెవుల గంటు

కులదేవుడు బీరప్పకిచ్చే పొట్టేలును ఎంచడానికి పెద్దనాయిన రేపు వస్తున్నాడన్న కబురు తెలిసినప్పటి నుంచి భిక్షానికి ముద్ద గొంతు దిగడం లేదు. ఎనిమిది రోజుల్లో పెండ్లి పెట్టుకున్నవాడికి ఆకలి మందగించడం మామూలే అని ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. అసలు చిక్కంతా మందలో ఉన్న ఆరు గొర్రెపిల్లల చెవులతో వచ్చింది.

గొర్లు కాచే ఇండ్లలో ఇంటికొక చెవి గంటు ఉంటుంది. భిక్షం వాళ్ళది ఎడమ చెవి కొస కోత. తాతల నాటి నుంచి అదే. పిల్ల పుట్టి నెల తిరిగేసరికి కొస తెగుతుంది. ఆ తర్వాత అది సంతలో తప్పిపోనీ, కృష్ణ ఒడ్డున వెయ్యి గొర్రెల్లో కలిసిపోనీ, చెవి పట్టుకుని చూస్తే ఎవరి ఇంటిదో తెలిసిపోతుంది. కొన్న గొర్రెకైనా వీపున ఎర్రమన్ను జాజు పూసుకుంటారు గానీ చెవి జోలికి పోరు. ఒక గొర్రెకు రెండు గంట్లు కనబడ్డాయంటే అది దొంగసొత్తే, రెండో మాట లేదు.

కొత్త గంటు పుట్టాలంటే దానికో పద్ధతుంది. కొడుకు పెండ్లాడి వేరు కాపురం పెట్టిన నాడు ఒక పిల్ల చెవిని కొత్తగా కోస్తారు. ఆ పచ్చి గాయానికి ఆ ఇంటి ఆడబిడ్డ పసుపు పెట్టాలి. పసుపు పడితేనే అది గంటు, లేకపోతే ఉత్త గాయం.

భిక్షం మందలో ఆరు పిల్లలకు ఎడమ చెవి కొస తెగి ఉంది. కుడి చెవి నడుమన చీలిక కూడా ఉంది. కుడి చెవి చీలిక కిష్టయ్య ఇంటి గంటు.

కిష్టయ్యది దేవరకొండ అవతల ఊరు. నలభై గొర్రెల మంద. ఎండలు ముదరగానే అమ్రాబాద్ గుట్టలకు గొర్రెలు తోలుకుపోయేవాళ్ళలో ఒకడు. నాలుగేండ్ల కిందట డిండి వాగు దాటుతుంటే భిక్షం గొర్రెపిల్లలు రెండు నీళ్ళలో పడి కొట్టుకుపోతే, ఎవడో ఎరగని మనిషి గొంగడి ఒడ్డున పారేసి దూకి రెండింటినీ చెరో చంకన పెట్టుకొచ్చాడు. ఆ మనిషే కిష్టయ్య. ఆ ఏడు ఇద్దరూ మందలు కలిపింది తోడేళ్ళ భయానికి. మరుసటేడు కలిపింది తోడేళ్ళ పేరు చెప్పి. మూడో ఏడు ఏ పేరూ చెప్పలేదు.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే, ఆలుమగల నడుమ ఏముంటుందో వాళ్ళిద్దరి నడుమ అదే ఉంది. దానికేం పేరు పెట్టాలో వాళ్ళకు తెలియదు. ఊళ్ళో దొరికే పేర్లన్నీ తిట్లే. అందుకని పేరు లేకుండానే నడిపించుకొచ్చారు.

పోయిన ఆశ్వయుజంలో, ఇంకా గుట్టల మీదే ఉండగా, భిక్షం గొర్రెలు ఆరు ఈనాయి. ఆరు పిల్లలూ కిష్టయ్య పొట్టేలు పోలికే, అదే తెల్ల నొసలు, అదే మొండితనం. "నీవా నావా ఇవి?" అని కిష్టయ్య నవ్వుతూ అడిగాడు. భిక్షానికి ఏం పూనిందో ఏమో, మనవే అన్నాడు, నడుముకున్న చురకత్తి తీశాడు, ఆరింటికీ ఎడమ చెవి కొసా కోశాడు, కుడి చెవీ చీల్చాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇల్లు లేదు వాకిలి లేదు, ఇంటి గంటు మాత్రం తయారైంది. ఆ రోజంత సంతోషం భిక్షం జన్మలో ఎరగడు. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

పెద్దనాయిన బీరన్న చిట్యాల దగ్గర సొంతూళ్ళో ఉంటాడు. అరవై దాటాయి. ఇంటి గంటుకు ఆయనే పెద్ద. పొట్టేలును దూరం నుంచి వేలితో చూపించి ఇది పట్టండి అనే రకం కాదు. మందలోకి దిగి, చెవి పట్టి, ముఖం తన వైపు తిప్పుకుని, ఒక్కొక్కదాన్నీ పలకరిస్తాడు. ఇక ఆరు పిల్లల్ని ఆయన కంట పడకుండా ఎక్కడ దాచేది?

ఆ సాయంత్రం ఊరి జొన్న చేలో, ఇంకా కలిసే ఉన్న రెండు మందల్నీ నిలిపాక కిష్టయ్య ముల్లుకంప సర్దుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"ఇయ్యాల అక్కకు చెప్తెనన్న చెప్పు. లేకుంటె తెల్లారంగనే నా గొర్రెలు పక్కకు తీస్త. ఆరు పిల్లల్ని నాతోని తోలుకపోత. నందికొండ కాడ డ్యాం కడ్తుండ్రట, గటు దిక్కు పోత."

"పోతె మల్ల ఎప్పుడొస్తవ్?"

"పెండ్లయినోని కాడికొచ్చి ఏం చెయ్యాలె?"

భిక్షం కర్ర అందుకున్నాడు. అక్క ఇంటి వైపు నడిచాడు.

అక్క సోమమ్మ అంటే అతనికి అమ్మే. అమ్మ పోయేనాటికి భిక్షానికి రెండేండ్లు, సోమమ్మకు పద్నాలుగు. పెండ్లయి ఏడాదైనా తిరగలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని అత్తగారింటికి వచ్చింది. ఇదేం కట్నమే అని అత్త దెప్పితే, "గింతె తెచ్చిన, పెట్టుకుంటె పెట్టుకో" అందట. మేకపాలు పట్టి సాకింది. ఇప్పుడు తన ఒక్కగానొక్క బిడ్డ జానమ్మను తమ్ముడికే ఇస్తోంది. జానమ్మకు పద్దెనిమిది నిండాయి. అంత ఈడొచ్చేదాకా పిల్లను ఇంట్లో ఉంచుకున్న తల్లి ఆ చుట్టుపక్కల లేదు. ఉంచింది భిక్షం కోసమే.

అతను వెళ్ళేసరికి సోమమ్మ గడప పక్కన కూర్చుని కదురు తిప్పుతోంది. బావ చెన్నయ్య మగ్గం గుంటలో పెండ్లి గొంగడి నేస్తున్నాడు. జానమ్మ పెరట్లో పెండ్లి పసుపు దంచుతోంది. రోకలి పోటు గడప దాకా వినిపిస్తోంది.

"రా రా, పెండ్లికొడుక. చెయ్యి ఇటు చాపు. కంకణానికి కొల్త తీసుకోవాలె."

కురుమల పెండ్లికి ఉన్ని కంకణం. దాన్ని వడికేది అక్కే. నల్ల ఉన్ని దారం మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిప్పి చూసింది.

"అక్కా."

"ఆఁ."

"నాకీ పెండ్లొద్దు."

"మీ బావ గూడ గిట్లనే అన్నడట. పెండ్లి నాడు మూడు విస్తర్ల బువ్వ తిన్నడు."

"రెండే," అన్నాడు చెన్నయ్య మగ్గం గుంటలోంచి.

"నవ్వులాట కాదక్కా. నిజంగనే ఒద్దు."

సోమమ్మ కదురు ఆపింది. తమ్ముడి ముఖంలోకి చూసింది. "ఎవతన్న ఉన్నదారా?"

"లేదు. ఎవ్వతీ లేదు."

ఇంత నిజమైన మాట ఇంత పెద్ద అబద్ధమవుతుందని అతను అనుకోలేదు. సోమమ్మ ముఖం తేటపడింది.

"మల్లేంది ఫికర్? నా బిడ్డ నల్లగున్నదనా? నువ్వేం తెల్లదొరవా? దానికి తుంగతుర్తి దిక్కుకెల్లి రెండు సంబంధాలొస్తె వాపసు పంపిన. ఎందుకు? నా తమ్ముడున్నడని. పెండ్లయినంక ఏడాదికి వేరు కాపురం పెడ్తం. నీ గంటుకు పసుపు వెట్టేది నేనే గద, ఆడబిడ్డను నేనే, అత్తను నేనే! ఎవ్వల అదృష్టమట్లుంటది?"

రోకలి చప్పుడు ఆగింది. జానమ్మ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది, చేతులు మోచేతుల దాకా పచ్చగా. మామ ముఖం చూసింది, ఏమీ అనకుండా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ పిల్ల తొలి అడుగులు భిక్షం వేలు పట్టుకునే వేసింది. ఆ సంగతి గుర్తొచ్చి అతను చెంబు ముట్టలేదు.

"నీళ్ళు గూడ ముట్టవేంది? జరమొచ్చిందా?"

"చలి."

సోమమ్మ లేచి తన గొంగడి తెచ్చి అతని భుజాల మీద కప్పింది. అంతే. మింగలేక కక్కలేక, ఆ గొంగడి కప్పుకునే బయటికొచ్చాడు. మనుషులు తిడితే ఎదురు తిరగవచ్చు. గొంగడి కప్పితే ఏం చేస్తాం?

తెల్లవారేసరికి చేను నిండా మంచు. భిక్షం మంద దగ్గరికి పోయేటప్పటికి కిష్టయ్య కంప ఒక పక్కకు లాగి, కుడి చెవి చీలికలున్న గొర్రెల్ని విడదీసి బయటికి తోలుతున్నాడు. ఆరు పిల్లలూ వాటితోనే ఉన్నాయి.

"చెప్పలే గద?"

"నోరు రాలే."

"సరే," అన్నాడు కిష్టయ్య. పిల్లల్ని ముందుకు అదిలించాడు. కోపం చేసినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద దగ్గు వినిపించింది.  పెద్దనాయిన నిన్న సాయంత్రం బస్సుకే నకిరేకల్‌లో దిగి, చుట్టాలింట్లో తల వాల్చి, కోడి కూయకముందే నడక మొదలుపెట్టాడట. వెనకాల చెన్నయ్య, అతని వెనక పొట్టేలు మీద పోయడానికి నీళ్ళ బిందెతో సోమమ్మ, పొట్టేలు నొసట పెట్టడానికి పసుపు గిన్నెతో జానమ్మ. పండుగకు వస్తున్నట్టు వస్తున్నారు.

పెద్దనాయిన మందలోకి దిగనక్కరలేకపోయింది. ఆరింట్లో ఒకటి, ఆ తెల్ల నొసటి మొండిది, దారి తప్పి వచ్చి ఆయన కాళ్ళకే తగిలింది. ఆయన ముద్దుగా ఎడమ చెవి పట్టుకున్నాడు. "మన పిల్లనే," అన్నాడు. ముఖం తిప్పాడు. కుడి చెవి కనబడింది.

 నెమ్మదిగా నడిచి ఇంకొకదాన్ని పట్టుకున్నాడు. తర్వాత మూడోదాన్ని.

"గొర్రెలు ఎటు పోతున్నయిరా?" అని కిష్టయ్యను అడిగాడు.

"నందికొండ దిక్కు, పెద్దనాయినా."

"మా గొర్రెల మీద నీ గంటేసుకోనా?"

సోమమ్మ బిందె దించింది. చెన్నయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కిష్టయ్య ఒక్కసారి భిక్షం వైపు చూశాడు. ఆ చూపు భిక్షానికి అర్థమైంది, వద్దని తల ఊపేలోపే కిష్టయ్య చూపు తిప్పేసుకున్నాడు.

"అవ్ పెద్దనాయినా. నేనే కోసిన. తప్పయింది."

"మా ఇంటి కూడు తినుకుంట!" అంది సోమమ్మ.  నాలుగేండ్లుగా మందలు ఊరికి దిగినప్పుడల్లా కిష్టయ్యకు కూడా ఆమే సద్ది కట్టేది. అతను ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

గొర్రెల దొంగకు వెనకటి రోజుల్లో ఒక శిక్ష ఉండేది. వాడి చెవికే గంటు పెట్టేవాళ్ళు, ఏ సంతకు పోయినా ఏ కులపోడి గడప తొక్కినా గుర్తు తెలియాలని. ఇప్పుడెవరూ చేయడం లేదు. పెద్దనాయిన మాత్రం చిన్నప్పుడు కండ్లారా చూశాడు. ఆయన నడుము నుంచి కత్తి తీశాడు.

"చెన్నయ్యా, వాని చేతులు వట్టు."

చెన్నయ్య కదలలేదు. మెత్తని మనిషి, ఎలుకను కూడా చంపడు. కానీ పెద్దనాయినకు ఒకరి సాయం అక్కరలేదు. కిష్టయ్య పారిపోవడం లేదు, చేతులైనా అడ్డం పెట్టుకోవడం లేదు. తలకు చుట్టిన రుమాలు తనే విప్పాడు. ఆ రుమాలు జారి కింద పడటం చూసేసరికి భిక్షం కాళ్ళు వాటంతటవే కదిలాయి. పోయి పెద్దనాయిన మణికట్టు పట్టుకున్నాడు. పెద్దలమీద చేయి వేయడం జన్మలో అదే మొదలు.

"కోస్తె నా చెవి కొయ్యి. గా గంట్లు నేనే కోసిన. రెండు చెవులు నేనే కోసిన."

"ఎందుకు?"

"నాకు కొయ్యబుద్ధయింది."

"దోస్తువని కోసినవా? దోస్తుకు పొట్టేలునిస్తరు, గొంగడినిస్తరు. ఇంటి గంటు ఇస్తరురా? ఇద్దరూ కలిసి నాకు కత చెప్తున్నరు. పసుపు లేని గంటు దొంగ గంటు. ఎవడు కోసినా వాడు దొంగే."

 సోమమ్మ వంగి ఒక పిల్లను ఎత్తుకుంది. ఎడమ చెవి చూసింది, కుడి చెవి చూసింది, మళ్ళీ ఎడమ చెవి చూసింది. రెండు కోతలూ ఒకే చేతివి, ఒకే కత్తివి, ఒకే రోజువి. మందలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా? దొంగవాడైతే ఒక చెవికి పాత గాయం, ఒక చెవికి కొత్త గాయం ఉండాలి. ఆమె పిల్లను దించింది.

"పెద్దనాయినా, జర ఆగు. నేనడిగొస్త," అని తమ్ముడి రెక్క పట్టుకుని గట్టు అవతలి రాళ్ళ కుప్ప చాటుకు లాక్కుపోయింది.

"చెప్పు."

భిక్షం చెప్పడానికి రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ గుర్తు లేదు.  గట్టుకవతల కత్తి ఇంకా పెద్దనాయిన చేతిలోనే ఉంది.

"అక్కా, నీకు బావ ఎట్లనో, నాకు కిష్టయ్య గట్ల."

సోమమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె పక్కనున్న రాయి మీద కూలబడింది.

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లు," అంది. "ఎల్లమ్మ పూనిందేమోరా నిన్ను. గట్ల అయితదంటరు. పూనకమొచ్చే శివసత్తిని పిలిపిద్దం, మాట అడిగిపిద్దం. తల్లి అడ్డం వడ్డదంటె పెండ్లి ఆగుతది. ఎవ్వలు నోరెత్తరు. పెద్దనాయిన గూడ మొక్కి పోతడు."

ఎంత మంచి దారి! ఎవరికీ తల వంపు లేదు, ఎవరి ముఖం మీదా ఉమ్ము పడదు. భిక్షానికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. వెంటనే కింద పడ్డ రుమాలు కండ్ల ముందు మెదిలింది.

"ఏ తల్లీ పూనలే అక్కా. నాకేం కాలే, నేను గింతే. నేను తల్లి పేరు చెప్పి తప్పించుకుంటె, వాడు దొంగయి చెవి కొయ్యిపిచ్చుకుంటడు."

చెంప మీద ఒక్కటి పడింది. చిన్నప్పుడు కూడా సోమమ్మ అతన్ని అంత గట్టిగా కొట్టలేదు.

"ఎనిమిది దినాలల్ల పెండ్లి వెట్టుకోని ఇప్పుడు చెప్తున్నవా? నా బిడ్డ గొంతు కోద్దువు గద! అది నీ ఇంట్ల మూలకు కూసోని ఎందుకో తెల్వక ఏడుస్తుండె. నేనేమో మనుమడెప్పుడని అడుగుతుంటి. నా తమ్ముడే, నా చేతులతోని నేనే..." మాట పూర్తి చేయలేకపోయింది.

"గందుకే చెప్తున్నక్కా. ఆలిశమైంది. తప్పే. నన్ను సంపినా సరే."

"నిన్ను సంపితె నాకేమొస్తది?" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కడుపు చించుకుంటె కాళ్ళ మీద వడ్తది. ఏం చేద్దునురా నేను? ఏం చేద్దును?"

భిక్షం ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏం చేయమని అడగాలో అతనికీ తెలియదు. అక్క కండ్లలోకి చూసే ధైర్యం లేక ఆమె పాదాల వైపు చూస్తున్నాడు. ఆ పాదాలు లేచి, గట్టు వైపు నడిచిపోయాయి. ఏం చెప్పబోతోందో చెప్పలేదు. భిక్షం వెనకాలే నడిచాడు. గట్టు దాకా నలభై అడుగులుంటాయి. అంత దూరం అమ్రాబాద్ కూడా లేదు.

సోమమ్మ పోయి పెద్దనాయిన ఎదురుగా నిలబడింది.

"పసుపు నేనే వెట్టిన," అంది.

పెద్దనాయిన చేతిలో కత్తి కిందికి దిగింది.

"ఏంది?"

"గా ఆరు పిల్లలకు పసుపు నేనే వెట్టిన, పెద్దనాయినా. ఆడబిడ్డను. మా తమ్మునికి కొత్త గంటు. దొంగతనం కాదు. కత్తి లోపల వెట్టుకో."

"పెండ్లి కాకముందే కొత్త గంటేందే? ఎవలతోని వేరు కాపురం?"

సోమమ్మ వెనక్కి తగ్గలేదు. "గంటు చూస్తివి గద. ఎడమ చెవి ఎవలిదో కుడి చెవి ఎవలిదో నీకు నేను చెప్పాల్నా? ఇద్దరూ నీ కండ్ల ముంగటనే ఉన్నరు. నా బిడ్డను నేను ఈనికి ఇస్తలేను. పెండ్లి లేదు. ఈ మాట నేనే అంటున్న, పిల్ల తల్లిని. రేపు కులంల అడిగితె గిదే చెప్త."

పెద్దనాయిన భిక్షం వైపు చూశాడు, కిష్టయ్య వైపు చూశాడు, కాళ్ళ దగ్గరి పిల్లను పట్టి దాని చెవి వైపు చూశాడు. ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పిల్లను వేడి పిడకను వదిలినట్టు వదిలేశాడు.

"థూ," అన్నాడు. "మాఘ పున్నమకు కులం కూసుంటది. అండ్ల మాట్లాడుత. గిన్ని దినాలు మా ఇంటి గంటుకు మచ్చ లేకుండె." కండువా దులిపి భుజాన వేసుకుని వచ్చిన గట్టు మీదే తిరుగుముఖం పట్టాడు. చెన్నయ్య రెండడుగులు వెంట పోయి, ఏం చెప్పాలో తోచక, నిలబడిపోయాడు.

జానమ్మ పసుపు గిన్నె పట్టుకుని అలాగే ఉంది. తల్లి మాటల్లో ఎంత అర్థమైందో, ఎంత కాలేదో.

"మామా," అంది. "నన్నొద్దంటివా, పెండ్లే ఒద్దంటివా?"

"నిన్ను కాదు బిడ్డా. పెండ్లే."

ఆ పిల్ల కండ్ల నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. "గంతేనా? గా మాట నిన్ననే అంటె అయిపోవు గద. పసుపన్న దంచకపోదును," అంది. ఏడుస్తూనే అంది.

భిక్షానికి తల ఎత్తే ముఖం లేదు. పున్నమకు ఎనిమిది రోజులు. కులం ఏమంటుంది? అక్కను ఏమంటుంది? బావ మగ్గం గడ్డ మీద మళ్ళీ ఎవరైనా గొంగడి కొనడానికి కూర్చుంటారా? జానమ్మకు తుంగతుర్తి సంబంధం మళ్ళీ వస్తుందా? కిష్టయ్య చెవి దక్కిందని సంతోషపడే తీరిక కూడా లేకుండా భయాలు వరసగా వచ్చి మీద పడ్డాయి.

"నిలవడ్డరేంది?" అంది సోమమ్మ. "మీ ఇద్దరు పొద్దెక్కక ముందే నందికొండ దిక్కు పొండ్రి. నా బిడ్డ పెండ్లయ్యేదాక నా వాకిట్ల కనవడద్దు. తర్వాత సంగతి తర్వాత."

కిష్టయ్య రుమాలు ఏరుకుని, వంగి ఆమె కాళ్ళకు మొక్కబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "ఒద్దు. ఇంక నాకు నీ మీద కోపం తగ్గలే," అంది. అతను అక్కడే ఆగిపోయాడు.

మంద కదిలింది. ఆరు పిల్లలు గట్టు ఎక్కబోతుండగా సోమమ్మ మళ్ళీ అరిచింది.

"ఆగుండ్రి!"

బిడ్డ చేతిలోంచి పసుపు గిన్నె లాక్కుని, బిందెలోంచి చారెడు నీళ్ళు పోసి కలిపింది. పెండ్లికని దంచిన పసుపు. "బీరప్ప పొట్టేలును ఎంచే జాగల నిలవడి అబద్ధమాడిన. గది నిజం చెయ్యకపోతె నా కండ్లు పోతయి. పట్టుకోండ్రి ఒక్కొక్కదాన్ని."

భిక్షం ముందర కాళ్ళు పట్టుకున్నాడు. కిష్టయ్య తల పట్టుకున్నాడు. సోమమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చెవికీ, కుడి చెవికీ పసుపు పూసింది. మెల్లగా కాదు, కసికసిగా, గోడకు సున్నం కొట్టినట్టు. పూస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. ఇద్దర్నీ తిట్టింది, పెద్దనాయినను తిట్టింది, చచ్చిపోయిన తల్లిని తిట్టింది. మూడు నెలల కిందటి కోతలు, ఎప్పుడో మానిపోయాయి. పసుపు నిలవడానికి గాయమే లేదు. అయినా ఒక్క చెవి వదల్లేదు.

ఆరో పిల్ల రెండో చెవి దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయింది. అడుగున మిగిలింది వేలితో గీకి ఆ చీలికకు అద్దింది. అప్పుడు మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆమె కొట్టిన చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"పుండు మానినంక పసుపు వెట్టుడు ఏడన్న ఉంటదారా?" అంది. "పచ్చిగ ఉన్ననాడే పిలువాలె గద, అక్కను."